మాస్కు అందరూ పెట్టుకోవాలా? ఎక్కడ, ఏది, ఎలా

జవాబు ముందే చెప్పేస్తాను, అంతా చదివే ఓపిక లేనివాళ్లు ఈ ఒక్క పేరా చదివి వెళ్లిపోవచ్చు. గాలిలో పాకే జబ్బు మన ఊళ్లో తిరుగుతున్నప్పుడు, తలుపులు మూసిన గదిలోకో కిక్కిరిసిన బస్సులోకో వెళ్లే ప్రతి మనిషీ మాస్కు పెట్టుకోవాలి, ఒంట్లో బాగున్నా బాగోలేకపోయినా. ఆరుబయట ఒక్కరే నడుస్తుంటే, బండి మీద పోతుంటే, చేలో పని చేసుకుంటుంటే అక్కర్లేదు. పెట్టుకున్నప్పుడు మాత్రం సందు లేకుండా ముఖానికి ఆనుకునే మాస్కు పెట్టుకోవాలి, ఏదో ఒక గుడ్డ అడ్డం ఉందిలే అన్నట్టు కాదు.

కరోనా రోజుల్లో మనం చేసింది దీనికి దాదాపు తలకిందులు. తెలంగాణలో 2020 మే నెలలో మాస్కు లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా అన్నారు. చౌరస్తాలో బండి ఆపి చలాన్లు రాయడం అందరం చూశాం. అలా చలానా కట్టిన మనిషే సాయంత్రం ఏసీ ఫంక్షన్ హాల్లోకి వెళ్లి, స్టేజీ మీద ఫొటోకి మాస్కు తీసి, భోజనాల దగ్గర తీసి, ఇంక మళ్లీ ఎందుకులే అని జేబులో పెట్టేసుకుని, మూడు గంటలు నాలుగొందల మందితో కలిసి ఒకే గాలి పీల్చుకున్నా అడిగే నాథుడు లేడు. ఢిల్లీలో ఇంకా విచిత్రం. కారులో ఒక్కరే ఉన్నా మాస్కు తప్పనిసరి అని 2021 ఏప్రిల్‌లో అక్కడి హైకోర్టు చెప్పింది. 2022 ఫిబ్రవరి దాకా ఆ నియమం ఎత్తేయలేదు. అద్దాలు ఎక్కించిన కారులో ఒంటరిగా ఉన్నవాడు ఎవరికి అంటిస్తాడో, ఎవరి దగ్గర అంటించుకుంటాడో నాకైతే ఇప్పటికీ అర్థం కాదు.

మళ్లీ ఇలాంటిది వస్తే, వస్తుంది కూడా, ఈసారైనా పెట్టుకోవాల్సిన చోట పెట్టుకుందాం.

ముందు ఒక మాట: జబ్బు ఎలా పాకుతుందో తెలుసుకోండి

ప్రతి అంటువ్యాధికీ మాస్కు పనికిరాదు. డెంగీకి దోమతెర కావాలి, కలరాకి కాచిన నీళ్లు కావాలి. మాస్కు అవసరమయ్యేది ఊపిరితో, దగ్గుతో, మాటలతో పాకేవాటికి: ఫ్లూ, కరోనా, తట్టు, టీబీ లాంటివి. 2009లో స్వైన్ ఫ్లూ మన దేశంలో మొదట బయటపడింది హైదరాబాద్‌లోనే, న్యూయార్క్ నుంచి దుబాయ్ మీదుగా వచ్చిన ప్రయాణికుడిలో. కాబట్టి ఇదంతా కరోనాతో మొదలై కరోనాతో అయిపోయిన కథేం కాదు.

మనం మాట్లాడేటప్పుడు, నవ్వేటప్పుడు, పాడేటప్పుడు, ఊరికే ఊపిరి వదిలినప్పుడు కూడా కంటికి కనపడని తుంపరలు బయటికి వస్తాయి. పెద్దవి ఒకటి రెండు మీటర్లలోనే కింద పడిపోతాయి. చిన్నవి పడవు. మూసిన గదిలో అగరొత్తి వెలిగిస్తే పొగ ఎలా తేలుతూ మూలమూలకీ పాకుతుందో అవీ అలాగే పాకుతాయి, వదిలిన మనిషి లేచి వెళ్లిపోయాక కూడా కాసేపు అక్కడే ఉంటాయి. అదే అగరొత్తి వరండాలో వెలిగిస్తే? రెండడుగుల దూరంలో వాసన కూడా తెలియదు. ఎక్కడ మాస్కు పెట్టాలో ఎక్కడ అక్కర్లేదో తేల్చుకోడానికి నేను వాడే లెక్క ఇదొక్కటే.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 2020 మార్చి 10న ఒక బృందం పాటల సాధనకి కూడింది. 61 మంది, రెండున్నర గంటలు, మూసిన హాలు. వాళ్లలో ఒక్కరికి జలుబు లక్షణాలున్నాయి. ఆ ఒక్కరి నుంచి, పరీక్షలో తేలినవీ అనుమానం ఉన్నవీ కలిపి, 52 మందికి అంటుకుంది, ఇద్దరు చనిపోయారు. ఇది చదివినప్పుడు నాకు మన శనివారం భజనలు గుర్తొచ్చాయి. మహమ్మారి రోజుల్లో భజన పెట్టుకోవద్దని అనను, గుడి ఆవరణలో చెట్టు కింద పెట్టుకోండి అంటాను.

ఎక్కడెక్కడ

అన్నిటికంటే ముందు ఆసుపత్రి. ఓపీ దగ్గర వరస, రక్తపరీక్షల సెంటర్, స్కానింగ్ గది బయట బెంచీలు, చివరికి మెడికల్ షాపు. జబ్బున్నవాళ్లంతా చేరేది అక్కడే, కీమో చేయించుకుంటున్నవాళ్లూ డయాలసిస్ వాళ్లూ నెలల పిల్లలూ కూర్చునేదీ అక్కడే. మహమ్మారి లేని రోజుల్లో కూడా ఫ్లూ సీజన్‌లో అయితే నేను ఆసుపత్రికి మాస్కు లేకుండా వెళ్లను, మీరూ వెళ్లొద్దు.

తర్వాత ప్రయాణాలు. ఏసీ బస్సు, మెట్రో, రైల్లో ఏసీ బోగీ, విమానం ఎక్కాక తలుపులు మూసి బయల్దేరకముందు ఆగి ఉండే ఆ అరగంట, వీటన్నిట్లో మాస్కు ఉండాలి. పల్లెవెలుగు బస్సు కిటికీలన్నీ తీసి ఉంటే నిజానికి ఏసీ బస్సు కంటే అదే నయం, కానీ వానాకాలం అద్దాలన్నీ మూసేస్తారు, నిలబడ్డవాళ్లు కూర్చున్నవాళ్ల మీద వాలిపోతారు, అప్పుడు పెట్టుకోవాల్సిందే. షేర్ ఆటోకి పక్కలు తెరిచే ఉంటాయి, గాలి బాగానే ఆడుతుంది, అయినా మొహాలు జానెడు దూరంలో ఉంటాయి కాబట్టి పెట్టుకుంటే మంచిది.

ఫంక్షన్ హాలు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర పెళ్లి మానేయమని చెప్తే ఎవరూ వినరు, చెప్పినవాడి మీదే కోపం వస్తుంది. వెళ్లండి. అక్షింతలు వేసేదాకా, పలకరింపులయ్యేదాకా మాస్కు తీయకండి. భోజనం దగ్గర తీయక తప్పదు కదా, అందుకే తినే చోటు చూసుకోండి. ఆరుబయట షామియానా కింద వడ్డిస్తుంటే అక్కడ తినండి. లోపలే అయితే మొదటి బంతిలో, హాలు నిండకముందే తినేసి మళ్లీ మాస్కు పెట్టుకోండి. తింటున్నంతసేపూ తీసి ఉంచాం కాబట్టి ఇంక పెట్టుకుని లాభం లేదు అనుకోవడం తప్పు. పీల్చిన తుంపరలు ఎంత తగ్గితే అంత లాభమే, మొత్తం తగ్గించలేకపోయాం అని కొంత కూడా వదులుకోవడం దేనికి? పెళ్లి చేసేవాళ్లయితే ఒక్క పని చేయండి, ఏసీ కట్టేసి తలుపులు బార్లా తెరిపించండి. చెమట పడుతుందని నలుగురు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

గుళ్లో కూడా ఇదే లెక్క. తిరుమలలో మాడ వీధుల్లో నడిచేటప్పుడు అక్కర్లేదు గానీ క్యూ కాంప్లెక్సు కంపార్ట్‌మెంట్లలో గంటల తరబడి కూర్చోవాల్సి వస్తే కావాలి. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లు, ఇరుకు ట్యూషన్ గదులు, కిటికీలు తెరుచుకోని అద్దాల ఆఫీసులు, బ్యాంకులో టోకెన్ పట్టుకుని కూర్చునే చోటు, లిఫ్టు, జిమ్ము, ఇంక ఇవన్నీ మీరే లెక్క వేసుకోగలరు. ఎంతమంది, ఎంతసేపు, కిటికీలు తెరిచి ఉన్నాయా, గట్టిగా అరుస్తున్నారా. ఈ నాలుగింటిలో రెండు తేడాగా ఉన్నాయంటే మాస్కు తీయొద్దు.

"పెద్దపెద్దవాళ్లే మాట మార్చారు కదా?"

మార్చారు, నిజమే. 2020 ఫిబ్రవరి 29న అమెరికా సర్జన్ జనరల్, అంటే ప్రజారోగ్యం మీద అక్కడి ప్రభుత్వం తరఫున మాట్లాడే పెద్ద డాక్టరు, జెరోమ్ ఆడమ్స్ మాస్కులు కొనడం ఆపండి, మామూలు జనానికి అవి పనిచేయవు అని ట్వీట్ చేశారు. ఏప్రిల్ 3 కల్లా అదే దేశం గుడ్డ మాస్కయినా కట్టుకోండి అంది. మన కేంద్ర ఆరోగ్యశాఖ కూడా అదే వారంలో ఇంట్లో కుట్టుకున్న మాస్కు వాడమని చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం జూన్ 5 దాకా ఆగి అప్పుడు ఒప్పుకుంది.

వాళ్లు మొదట వద్దనడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి కొరత. డాక్టర్లకీ నర్సులకీ దొరకని రోజుల్లో జనం డబ్బాలు డబ్బాలు కొని దాచుకుంటే ఆసుపత్రులు ఏం కావాలి? న్యాయమైన భయమే, కానీ "సరుకు తక్కువుంది, ముందు వాళ్లకి ఇద్దాం" అని చెప్పాల్సింది పోయి "మీకు పనిచేయదు" అన్నారు. డాక్టరుకి పనిచేసేది నాకెందుకు పనిచేయదు అని మామూలు మనిషి అడిగితే ఎవరి దగ్గరా సమాధానం లేదు. మాస్కుల మీద నమ్మకం సగం అక్కడే పోయిందని నా అభిప్రాయం. రెండోది తెలియకపోవడం. దగ్గేవాళ్లూ తుమ్మేవాళ్లే అంటిస్తారు అనుకున్నారు. లక్షణాలు బయటపడకముందే, ఇంకా హాయిగా తిరుగుతున్నప్పుడే మనిషి అంటించగలడని తర్వాత తెలిసింది. అందుకే "జబ్బున్నవాళ్లే పెట్టుకోవాలి" అనే మాట నిలవలేదు, తనకి జబ్బుందని తనకే తెలియనివాడు పెట్టుకోడు కదా.

ఇంకో సంగతి, మాస్కు మీద తగువు పాతదే. 1910 చివర్లో చైనా ఈశాన్యాన ఉన్న మంచూరియాలో ఊపిరితిత్తుల ప్లేగు వచ్చినప్పుడు వు లియన్ తె అనే డాక్టరు ఇది గాలిలో పాకుతోంది, గాజుగుడ్డ మాస్కు కట్టుకోండి అన్నాడు. మెస్నీ అనే ఫ్రెంచి డాక్టరు ఆయన మాట కొట్టిపారేసి మాస్కు లేకుండా రోగుల్ని చూశాడు, కొద్దిరోజుల్లోనే అదే ప్లేగుతో చనిపోయాడు.

పరిశోధనలు ఏం చెప్పాయి

వాట్సాప్‌లో రెండు రకాలవీ తిరుగుతుంటాయి, "మాస్కు పనికిరాదని తేలింది" అని ఒకటి, "మాస్కుతో నూరు శాతం రక్షణ" అని ఒకటి. రెండూ నమ్మకండి. అసలు జరిగినవి కొన్ని ఇవి.

డెన్మార్క్‌లో 2020 వసంతంలో దాదాపు 6,000 మందిని రెండు భాగాలు చేసి ఒక భాగానికి సర్జికల్ మాస్కులిచ్చి పెట్టుకోమన్నారు. నెల తర్వాత చూస్తే మాస్కు వాళ్లలో 1.8 శాతానికి, మిగతావాళ్లలో 2.1 శాతానికి అంటుకుంది. ఆ కాస్త తేడాని బట్టి ఏదీ తేల్చలేం. కానీ ఇది చూసింది పెట్టుకున్నవాడికి ఎంత లాభం అని మాత్రమే, చుట్టూ ఉన్నవాళ్లు దాదాపు ఎవరూ మాస్కు పెట్టుకోని ఊళ్లలో. పెట్టుకున్నవాడి నుంచి పక్కవాడికి ఎంత తగ్గింది అనేది అందులో లేదు.

మనకి దగ్గరగా ఉండేది బంగ్లాదేశ్ ప్రయోగం. 600 ఊళ్లు, 3 లక్షల 40 వేలకు పైగా పెద్దవాళ్లు, 2020 నవంబర్ నుంచి 2021 ఏప్రిల్ దాకా. సగం ఊళ్లలో ఉచితంగా మాస్కులు పంచి, మసీదుల దగ్గర బజార్లలో గుర్తుచేస్తూ తిరిగారు. మాస్కు పెట్టుకునేవాళ్లు నూటికి 13 నుంచి 42కి పెరిగారు. లక్షణాలు ఉండి రక్తపరీక్షలో కూడా కరోనా తేలినవాళ్లు సుమారు 9 శాతం తగ్గారు, సర్జికల్ మాస్కులిచ్చిన ఊళ్లలో 11 శాతం, ఆ ఊళ్లలోనే 60 దాటినవాళ్లలో అయితే 35 శాతం. గుడ్డ మాస్కులిచ్చిన ఊళ్లలో తేడా స్పష్టంగా తేలలేదు. ఇంత కష్టపడి తిరిగినా సగానికి పైగా జనం పెట్టుకోలేదని గుర్తుంచుకోండి, ఆ తగ్గింది నూటికి నలభై మంది పెట్టుకుంటేనే.

2023 జనవరిలో కోక్రేన్ అనే సంస్థ పాత ప్రయోగాలన్నీ కలిపి చూసి, జనానికి మాస్కులు ఇస్తే పెద్ద తేడా రాకపోవచ్చు అంది. దాన్ని పట్టుకుని మాస్కులు దండగ అని రాసినవాళ్లకి లెక్కలేదు. చివరికి మార్చిలో ఆ సంస్థ ప్రధాన సంపాదకురాలే ముందుకొచ్చి అలా చదవడం సరికాదు, ఏదీ తేలలేదని మాత్రమే దాని అర్థం అని చెప్పాల్సి వచ్చింది. ఆ ప్రయోగాల్లో చాలావాటిలో మాస్కు ఇచ్చినవాళ్లందరూ సరిగ్గా పెట్టుకోలేదు. "మాస్కు పెట్టుకోమని చెప్తే ఎంత తగ్గుతుంది" వేరు, "పెట్టుకుంటే ఎంత తగ్గుతుంది" వేరు. ప్రభుత్వానికి మొదటి ప్రశ్న ముఖ్యం. మీకూ నాకూ రెండోది ముఖ్యం. ఆ తర్వాత నార్వేలో 4,600 మందికి పైగా పెద్దవాళ్లతో 14 రోజుల ప్రయోగం చేశారు. బయట నలుగురిలో సర్జికల్ మాస్కు పెట్టుకున్నవాళ్లలో జలుబు దగ్గు వచ్చిందని చెప్పినవాళ్లు 8.9 శాతం, పెట్టుకోనివాళ్లలో 12.2 శాతం.

మొత్తమ్మీద లాభం ఉంది, కానీ అద్భుతమేమీ కాదు. పది రూపాయల వస్తువుకి ఆ మాత్రం లాభం చాలదా? నాకు చాలు.

ఏ మాస్కు కొనాలి

గుడ్డ మాస్కు ఆఖరి దారి. 2020లో ఏమీ దొరకనప్పుడు అదే దిక్కయింది, ఆంధ్రప్రదేశ్‌లో మనిషికి మూడు చొప్పున 16 కోట్ల మాస్కులు పంచాలని పెట్టుకుని డ్వాక్రా మహిళల చేత కుట్టించారు, ఆ రోజుకి అది మంచి పనే, పనుల్లేని రోజుల్లో వాళ్లకి నాలుగు డబ్బులూ వచ్చాయి. తర్వాత చీరకి మ్యాచింగ్ కలంకారీ మాస్కులు, ఇక్కత్ మాస్కులు వచ్చాయి. చూడ్డానికి బాగుంటాయి. చిన్న తుంపరల్ని ఆపడంలో మాత్రం బలహీనం. తప్పనిసరై వాడితే మూడు పొరలది, దగ్గర నేత గుడ్డది వాడండి, వెలుతురుకి అడ్డం పెడితే అవతల దీపం కనిపించకూడదు. కండువా, చున్నీ, చీర కొంగు, హోటల్ టిష్యూ, ఇవి మాస్కులు కావు.

సర్జికల్ మాస్కు చవక, ఊపిరి సులువుగా ఆడుతుంది. 2020 మార్చిలో బ్లాకులో అమ్ముతున్నారని కేంద్రం మూడు పొరలదానికి పది రూపాయలు దాటకూడదని ధర కట్టింది. కొనేటప్పుడు చూడాల్సింది ముక్కు దగ్గర తీగ ఉందా, మధ్యలో పలచటి దూదిలాంటి పొర ఉందా అని. ఒకటి కత్తిరించి చూడండి, మూడు పొరలు విడిగా రావాలి. రెండే వస్తే ఆ షాపులో మళ్లీ కొనకండి. అట్ట మీద ఐఎస్ 16289 అనే భారత ప్రమాణం గుర్తు ఉంటే ఇంకా మంచిది.

దీని లోపమల్లా పక్కల సందులు. ఆ సందు మూయడానికి ఒక చిట్కా ఉంది: మాస్కుని పొడుగ్గా సగానికి మడిచి, చెవి లాస్టిక్‌ని రెండువైపులా మాస్కు మొదట్లోనే చిన్న ముడి వేసి, మిగిలిన మూలల్ని లోపలికి దోపేయండి. బుగ్గలకి బాగా ఆనుతుంది. లేదంటే సర్జికల్ మాస్కు మీద ఒక గుడ్డ మాస్కు బిగుతుగా కట్టుకోండి. రెండు సర్జికల్ మాస్కులు ఒకదాని మీద ఒకటి పెడితే ఏం లాభం లేదు, సందు అలాగే ఉంటుంది.

ఇక ఎన్-95. మూసిన గదిలో ఎక్కువసేపు ఉండాల్సినవాళ్లు, అరవై దాటినవాళ్లు, షుగర్, గుండెజబ్బు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, ఇంట్లో రోగిని చూసుకునేవాళ్లు ఇదే కొనండి. 0.3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) రేణువుల్లో కనీసం 95 శాతం ఆపుతుంది కాబట్టి ఆ పేరు. వైరస్ ఇంకా చిన్నది కదా, రంధ్రాల్లోంచి దూరిపోదా అని అడుగుతారు. ఇది జల్లెడ కాదు. లోపలి పొరకి విద్యుదావేశం ఉంటుంది, దగ్గరికి వచ్చిన రేణువుని అది లాగి పట్టేసుకుంటుంది, 0.3 కంటే చిన్నవి ఇంకా తేలిగ్గానే దొరుకుతాయి. పైగా వైరస్ ఒంటరిగా ఎగరదు, తుంపరలో కూర్చుని వస్తుంది. ఈ ఆవేశం వల్లే ఎన్-95ని సబ్బుతో ఉతకకూడదు, శానిటైజర్ కొట్టకూడదు. ఉతికితే చూడ్డానికి తెల్లగానే ఉంటుంది, పని మాత్రం చేయదు.

మన దేశంలో దీనికి సరిపోయే గుర్తు ఐఎస్ 9473, ఎఫ్ఎఫ్‌పీ2, ఐఎస్ఐ ముద్రతో. తలకి వెనక నుంచి కట్టుకునే రెండు పట్టీలున్నది చెవులకి తగిలించేదాని కంటే బాగా బిగుస్తుంది. రోడ్డు పక్కన ముప్పై రూపాయలకి రంగురంగులవి వేలాడదీసి ఎన్-95 అంటారు, వాటిని నమ్మకండి. ముందు గుండ్రటి ప్లాస్టిక్ మూత ఉన్నవి అసలు కొనకండి, అది మీరు వదిలే గాలిని వడకట్టకుండా బయటికి పంపేస్తుంది, మీకు జబ్బుంటే ఎదుటివాడికి నేరుగా చేరుతుంది. 2020 జూలైలో కేంద్రం రాష్ట్రాలకి రాసి మరీ ఇవి వద్దని చెప్పింది.

పెట్టుకోవడం, తీయడం

చేతులు కడుక్కుని, తీగ ఉన్న అంచు పైకి, రంగు ఉన్న వైపు బయటికి ఉండేట్టు పెట్టుకోండి. రెండు చేతుల వేళ్లతో తీగని ముక్కు దూలం మీద నొక్కుతూ బుగ్గల దాకా రండి. ఒంటిచేత్తో గిల్లితే మధ్యలో కోసుగా లేచి సందు పడుతుంది. కింది అంచు గడ్డం కిందికి పోవాలి. ఇప్పుడు రెండు అరచేతులూ మాస్కు మీద అడ్డం పెట్టి గట్టిగా ఊదండి. కళ్లలోకి గాలి కొడుతుంటే పైన సందు ఉంది, చెవుల వైపు కొడుతుంటే పక్కన ఉంది. కళ్లజోడు వాళ్లకి ఈ పరీక్ష కూడా అక్కర్లేదు, అద్దాలు మసకబారితే తీగ సరిగ్గా నొక్కలేదన్నమాట. ఒత్తుగా గడ్డం ఉంటే ఎన్-95 కూడా సరిగ్గా ఆనదు, గీసుకుంటారా లేదా అనేది మీ ఇష్టం.

మాట్లాడేటప్పుడు మాస్కు కిందికి లాగడం మన జాతీయ అలవాటు. ఫోన్ వస్తే లాగుతారు, తుమ్ము వస్తే కూడా లాగి మరీ తుమ్ముతారు. అడ్డు అక్కర్లేనప్పుడు ఉంచుకుని, కావాల్సిన క్షణంలో తీసేస్తే ఇంక అది గడ్డానికి కట్టిన గుడ్డే. ముక్కు బయట పెట్టడం కూడా అంతే.

చెమటకి తడిసిందంటే మార్చేయాలి, మన ఎండలకి రోజుకి రెండు పట్టొచ్చు, బ్యాగులో ఒకటి అదనంగా పెట్టుకోండి. తీసేటప్పుడు లాస్టిక్ పట్టుకుని తీయాలి, ముందు భాగం ముట్టుకోకూడదు. సర్జికల్ మాస్కు ఒక్కరోజే. ఎన్-95 శుభ్రంగా, బిగుతుగా ఉన్నంతవరకు మళ్లీ వాడొచ్చు: నాలుగైదు తీసుకుని, కాగితం కవర్లలో వేసి, వాటి మీద రోజు పేరు రాసి, వంతులవారీగా వాడండి. ప్లాస్టిక్ కవర్లో పెడితే చెమ్మ ఆరదు. కొరత రోజుల్లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ఆసుపత్రి సిబ్బందికి చెప్పింది ఒక ఎన్-95 ఐదుసార్లకి మించి తొడుక్కోవద్దని, మనం కూడా సుమారుగా ఆ లెక్కలోనే ఉంటే సరి.

పిల్లలు, పెద్దవాళ్లు, ఇంట్లో రోగి

ఐదేళ్ల లోపు పిల్లలకి మాస్కు వద్దు, మన ఆరోగ్యశాఖ 2021లో చెప్పింది కూడా అదే. ఆరు నుంచి పదకొండు దాకా, తల్లిదండ్రులు చూస్తుండగా, వాళ్లు సరిగ్గా పెట్టుకోగలిగితే పెట్టండి. పన్నెండు దాటితే పెద్దవాళ్లతో సమానం. నిద్రపోయేవాళ్లకి, సొంతంగా తీసుకోలేనివాళ్లకి పెట్టకూడదు. పరుగెత్తేటప్పుడు అక్కర్లేదు.

"ఆక్సిజన్ అందదు" అంటారు. ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ రెండూ మాస్కులోంచి ఇటూ అటూ పోతాయి, ఆపరేషన్ థియేటర్లో సర్జన్లు గంటల తరబడి పెట్టుకునే ఉంటారు. అనుమానం ఉంటే వేలికి పెట్టే ఆక్సీమీటర్‌తో మాస్కు ముందూ తర్వాతా చూసుకోండి. అయితే ఎన్-95తో ఊపిరి బరువుగా అనిపించడం నిజం. ఆస్తమా, సీఓపీడీ (ఏళ్ల తరబడి ఉండే ఊపిరితిత్తుల జబ్బు) ఉన్నవాళ్లు డాక్టరుని అడిగి, కుదరకపోతే సర్జికల్ మాస్కు వాడుకోవాలి.

ఇంట్లో ఒకరికి వస్తే రోగికి వేరే గది, కిటికీ తెరిచి. గదిలోకి ఎవరైనా వెళ్లినప్పుడు ఇద్దరికీ ఎన్-95 ఉండాలి. వేరే గది లేని ఇళ్లే ఎక్కువ మన దగ్గర, అలాంటప్పుడు రోగిని కిటికీ పక్కన పడుకోబెట్టి, ఫ్యాను గాలి రోగి మీద నుంచి బయటికి పోయేలా తిప్పండి, మేలుకుని ఉన్నంతసేపు రోగికి మాస్కు ఉంచండి.

ఇంట్లో పెద్దవాళ్లు వినకపోతే భయపెట్టకండి, చచ్చిపోతావు తాతయ్యా అంటే ఇంకా మొండికేస్తారు. "నాకు గొంతు నొప్పిగా ఉంది తాతయ్యా, మీకు అంటకూడదని నేను పెట్టుకున్నా, ఆసుపత్రిలో మీరూ పెట్టుకోండి, అక్కడ అందరూ దగ్గుతూ ఉంటారు" అంటే వింటారు. పెట్టుకున్నవాళ్లని ఎగతాళి చేయకండి, కీమోలో ఉన్నారో, ఇంట్లో పసిబిడ్డ ఉందో మనకి తెలియదు. చెవిటివాళ్లు పెదాలు చూసి మాట అర్థం చేసుకుంటారు, వాళ్లతో మాట్లాడాల్సి వస్తే ఆరుబయటికి వెళ్లి, దూరంగా నిలబడి, తీసి మాట్లాడండి.

చట్టం పెట్టాలా?

ఆసుపత్రుల్లో, బస్సుల్లో, రైళ్లలో పెట్టాలి, జబ్బు ఉద్ధృతంగా ఉన్నన్ని రోజులు. రోడ్ల మీద వద్దు. చలానా డబ్బుతో బస్టాండులో ఉచితంగా మాస్కులు పంచితే ఎక్కువ మంది పెట్టుకుంటారు, బంగ్లాదేశ్ ఊళ్లలో జరిగింది అదే. కేసులు తగ్గాక ఆ చట్టాన్ని తీసేయాలి కూడా, లేకపోతే ఎవరూ లెక్కచేయరు. మన దగ్గర కేంద్రం విపత్తు చట్టం కింద పెట్టిన ఆంక్షలు 2022 మార్చి 31తో ముగిశాయి, అప్పటికి చాలా ఊళ్లలో జనం మాస్కులు ఎప్పుడో తీసేశారు.

పారేయడం, దాచుకోవడం

వాడిన మాస్కు రోడ్డు మీద పడేస్తే దాన్ని చేత్తో ఎత్తేది పారిశుద్ధ్య కార్మికులే. కాలుష్య నియంత్రణ మండలి చెప్పిన పద్ధతి ఇది: కాగితం కవర్లో వేసి 72 గంటలు పక్కన పెట్టి, కత్తిరించి, అప్పుడు చెత్తలో వేయాలి. కత్తిరించమనేది ఎవరూ ఏరుకుని మళ్లీ అమ్మకుండా.

ఇంట్లో మనిషికి పది ఎన్-95లు, ఒక డబ్బా సర్జికల్ మాస్కులు ఇప్పుడే కొని పెట్టుకోండి, కొరత వచ్చాక ఎగబడడం కంటే ఇది నయం, ఆసుపత్రుల నోటికాడది లాక్కున్నట్టూ ఉండదు. బీరువాలో పొడిగా ఉండే అరలో పెట్టండి, వంటింట్లో వద్దు. డబ్బా మీద గడువు తేదీ చూసి పెద్ద అక్షరాలతో బయట రాసి పెట్టుకోండి. ఏడాదికోసారి ఒకటి తీసి లాస్టిక్ లాగి చూడండి, సాగి వెనక్కి రాకపోతే ఆ డబ్బాని గోడలు గీకేటప్పుడు దుమ్ముకి వాడేసి కొత్తది తెచ్చుకోండి.